ఇంటి కంప్యూటరుకు తెగులు సోకినప్పుడు

పులికాట్ సరస్సునకు పడమటగా, సూళ్ళూరుపేటకు కొద్ది దూరములో, నా మిత్రుడొకరు తమ యింటి వసారా గదినే కార్యాలయముగా చేసికొని జమాఖర్చుల పని చేయుచుందురు. రొయ్యల మేత దుకాణములు, ఐసు ఫ్యాక్టరీలు, లారీల యజమానులు, కిరాణా వర్తకులు, ఇట్లు ముప్పదిమంది లెక్కలు ఆయన బల్లమీది కంప్యూటరులో ఉండును. ప్రతి నెలా 20వ తేదీ ఆయనకు పరీక్షదినము. జీఎస్టీ పత్రములు ఆనాటికి దాఖలు కావలెను. అట్టి యొక నెలలో, గడువునకు రెండు దినముల ముందు, తెల్లవారుచుండగనే ఆయన నాకు ఫోను చేసిరి.

“అన్నా, ఫైళ్ళు అన్నీ ఉండాయి గానీ ఒక్కటీ తెరుచుకోవడం లేదు. పేర్ల చివర ఏవో అక్షరాలు తగులుకోనుండాయి. ఇంగ్లీషులో చీటీ కూడా పెట్టినారు, డబ్బు కట్టమని.”

ఆ మాట వినగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, “ఇప్పటిదాకా ఏమేమి చేసినావు?” అని. ఆ యంత్రమునకు వచ్చిన ఆపదకన్న, ఆపద వచ్చిన మొదటి గంటలో యజమాని చేసిన పనులే తరచుగా నష్టమును నిర్ణయించును. ఆయన మూడు పనులు చేసిరి. యంత్రమును ఆర్పి, మరల వెలిగించిరి. ఇంటర్నెట్టులో కనుపించిన యేదో “క్లీనరు”ను దింపి నడిపిరి. మూడవదిగా, లెక్కల నకలు ఉన్న ఏకైక హార్డ్‌డిస్కును బీరువాలోనుండి తెచ్చి, “పోయినవి పోగా ఇదైనా చూతము” అని ఆ యంత్రమునకే తగిలించిరి. పది నిమిషములలో నకలు ఫైళ్ళ పేర్ల చివర కూడ ఆ అక్షరములే తగులుకొన్నవి.

మొదటి రెండు పనులు తొందరపాటు. మూడవది తీరని నష్టము. ఈ ప్రసంగమునకు ఆ మూడవ పనియే కారణము.

కంప్యూటరులో దొంగతనముగా ప్రవేశించి చెఱుపు చేయు ప్రోగ్రాములన్నిటికిని మాల్‌వేరు అని పేరు. వాడుకలో వైరస్ అందురు. ఇంటి కార్యాలయములకు హాని చేయువానిలో రెండు తెగలు ముఖ్యమైనవి. ఒకటి తాళము వేయునది, దానిని ర్యాన్సమ్‌వేరు అందురు. మన ఫైళ్ళను గూఢలిపిలోనికి మార్చి, విప్పుటకు డబ్బు అడుగును. రెండవది దొంగిలించునది, మనము బ్రౌజరులో దాచుకొన్న పాస్‌వర్డులను ఎత్తుకొని చప్పుడు లేకుండ పోవును. తాళము వేయునది తన్ను తానే చాటుకొనును. దొంగిలించునది వచ్చి వెళ్ళిన జాడయే తెలియదు. కొన్నిసార్లు మొదటిది రెండవదానిని కూడ వెంటబెట్టుకొని వచ్చును. ఈ సంగతి మరువరాదు. దీని ప్రసక్తి మరల వచ్చును.

మన ప్రాంతమునకు ఇది క్రొత్త విషయము కాదు. 2017 మే 12వ తేదీన వన్నాక్రై అను తాళపు తెగులు లోకమంతట ఒక్కసారి చెలరేగినది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి లోబడెను. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశములో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలో కొన్ని కంప్యూటర్లకు అది సోకినది. తిరుమల తిరుపతి దేవస్థానములలో పరిపాలన పనులకు వాడు కొన్ని పాత యంత్రములకు కూడ సోకినది. భక్తుల సేవలకు అంతరాయము లేదని అధికారులు అప్పుడు తెలిపిరి. అప్పటికి తిరుపతి చిత్తూరు జిల్లాలోను, సూళ్ళూరుపేట నెల్లూరు జిల్లాలోను ఉండెను. రెండును తిరుపతి జిల్లాలో చేరినది 2022 ఏప్రిలులో.

వన్నాక్రైలో విశేషమేమనగా, అది ఎవరును ఏ మెయిలును తెరువకుండగనే ఒక యంత్రమునుండి మరియొకదానికి తనంతట తాను ప్రాకెను. విండోసులో ఫైళ్ళను పంచుకొను ఏర్పాటునందు ఒక లోపముండెను. ఆ లోపమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ 2017 మార్చి 14వ తేదీననే విడుదల చేసినది. అనగా తెగులు రాకకు రెండు నెలల ముందే మందు వచ్చినది. “అప్‌డేటు తరువాత చూతము” అని ప్రక్కకు నెట్టిన యంత్రములే ఎక్కువగా దెబ్బతినెను. ఒక బ్రిటిష్ యువకుడు ఆ ప్రోగ్రాములో దాగిన ఒక ఇంటర్నెట్టు చిరునామాను కనిపెట్టి, దానిని తన పేర నమోదు చేయగా వ్యాప్తి చాలవరకు నిలిచినది. కాని అప్పటికే పడిన తాళములు దానివలన తెరచుకొనలేదు.

ఆ తాళము ఎట్టిదో కొంచెము చెప్పవలెను. నొక్కగానే పడు తాళపుకప్పలు మనమెరిగినవే. వేయుటకు చెవి అక్కరలేదు, తీయుటకు మాత్రము కావలెను. ఈ ప్రోగ్రాము మన యింటికి తెచ్చునది కప్పను మాత్రమే. చెవి దొంగవద్దనే ఉండును. అది గణితముతో చేసిన చెవి. సరిగా చేసినచో ఊహించి కనుగొనుట నేటి యంత్రములకు సాధ్యము కాదు. కావున “ఎవరో నిపుణుడు వచ్చి విప్పును” అని వారములు గడుపుట వ్యర్థము. అయితే దొంగలందరును పనివారు కారు. తాళమును తప్పుగా చేసినవారున్నారు. పోలీసులకు చిక్కి చెవులు పోగొట్టుకొన్నవారున్నారు. 2016లో టెస్లాక్రిప్ట్ అను తెగులును చేసినవారు తామే మూలపు చెవిని బయటపెట్టిరి. అట్టి చెవులను చేర్చి ఉచితముగా ఇచ్చు “నో మోర్ ర్యాన్సమ్” అను వేదికను యూరపు పోలీసు సంస్థ, నెదర్లాండ్సు పోలీసులు, కొన్ని భద్రతా సంస్థలు కలసి 2016 జులైలో ప్రారంభించిరి. తాళము పడిన ఫైలు నొకదానిని, చీటీని అక్కడ చూపినచో, చెవి ఉన్నదో లేదో తెలియును.

నా మిత్రుని యంత్రమునకు సోకినది వన్నాక్రై కాదు. చీటీని, పేర్ల తోకను బట్టి చూడగా అది స్టాప్ అనియు డీజేవీయూ అనియు పిలువబడు తెగ అని తేలినది. ఇండ్లలోని కంప్యూటర్లను పట్టుటలో దీనికి పెద్ద పేరు. ప్రాకి రాదు; మనమే పిలిచి కూర్చుండబెట్టుదుము. ముందురోజు రాత్రి ఆయన మేనల్లుడు, పీడీఎఫ్ కాగితములను ఎక్సెలు పట్టికలుగా మార్చు ఖరీదైన సాఫ్టువేరు నొకదానిని “క్రాకు”తో ఉచితముగా దింపెను. యాంటీవైరసును కొంతసేపు ఆపవలెనని అక్కడనే వ్రాసి ఉండగా, అదియు చేసెను. పిదప తెరమీద విండోస్ అప్‌డేటు జరుగుచున్నట్లు ఒక పెట్టె కనుపించెను. మామూలే గదా యని అందరును నిద్రించిరి. ఆ పెట్టె కూడ నాటకమే. దాని వెనుక ఫైళ్ళకు ఒకదాని తరువాత ఒకదానికి తాళములు పడుచుండెను.

చీటీలో 980 డాలర్లు కోరిరి. 72 గంటలలో చెల్లించినచో సగమే అని తాయము చూపిరి. మిత్రుడు సగమునకు సిద్ధపడిరి. ఆయన బాధ నాకు తెలియకపోలేదు: అవి ఆయన లెక్కలు కావు, ఆయనను నమ్మిన ముప్పదిమంది లెక్కలు. అయినను నేను వద్దంటిని. డబ్బు తీసికొన్న దొంగ చెవి ఇచ్చునను పూచీ లేదు. వన్నాక్రైలో ఎవరు చెల్లించిరో తెలిసికొను ఏర్పాటే దొంగలు సరిగా చేయలేదు. అందరును చెల్లించునది మూడే బిట్‌కాయిను ఖాతాలలోనికి. పైగా ఒకసారి చెల్లించిన యిల్లు చెల్లించు ఇల్లుగా గుర్తింపబడును.

ఇక ఏమి చేయవలెను? ఇక్కడ నేను కంప్యూటరు మాటలు మాని చెరువు మాటలు చెప్పితిని. 1994–95లో మన తీరమున రొయ్యలకు తెల్లమచ్చల తెగులు వచ్చిన సంగతి మా వయసువారికి జ్ఞాపకమే. ఆ తెగులు సోకిన రొయ్యకు మందు లేదు. అనుభవజ్ఞుడైన రైతు ఏమి చేయును? తెగులు నీటిని కాలువలోనికి వదలడు, ప్రక్క చెరువులు పాడగునని. ఆ చెరువులో ముంచిన వలను, బిందెను వేరొక చెరువులో ముంచడు. ఉన్న రొయ్యలకు వైద్యము చేయుచు కూర్చుండడు. బ్లీచింగు చల్లి, నీరు తీసి, నేల పగుళ్ళు విచ్చువరకు ఎండబెట్టి, పరీక్ష చేయించిన పిల్లను తెచ్చి మరల వదలును. కంప్యూటరు విషయమున క్రమము సరిగా ఇదియే. మిత్రుడు మేత దుకాణముల లెక్కలు వ్రాయువాడు గనుక వెంటనే గ్రహించెను. తాను నకలు డిస్కును తగిలించుట తెగులు చెరువులో వల ముంచుటయే అని తానే అనెను.

కాలువ మూయుట అనగా యంత్రమును ఇంటర్నెట్టునుండి వేరుచేయుట. తీగ ఉన్నచో పీకివేయవలెను, వై-ఫై ఆపవలెను; తగిలించిన పెన్‌డ్రైవులు, ప్రింటరు, డిజిటల్ సంతకపు టోకెను తీసివేయవలెను. యంత్రమును ఆర్పవలెనా వద్దా అని పలువురు అడుగుదురు. ఇంకను తాళములు పడుచున్నవని తోచినచో ఆర్పుటయే మేలు. పని పూర్తియైనచో, సంబంధములు తెంచి, వెలిగియున్నదానిని కొంతసేపు అట్లే ఉంచుట మంచిది. 2017లో కొన్ని పాత విండోసు యంత్రములలో, తెగులు సోకిన తరువాత ఒక్కసారియు ఆర్పకుండ ఉంచినవానికి, జ్ఞాపకశక్తి భాగమున మిగిలియున్న గణితపు తునుకలనుండి చెవిని తిరిగి తయారుచేయు ఉపాయమును ఫ్రాన్సు దేశపు పరిశోధకులు కనిపెట్టిరి. ఆర్పినవారికి ఆ అదృష్టము దక్కలేదు. ఇది అరుదైన సంగతి. అయినను వేచియుండుటకు ఖర్చు లేదు గదా.

పిదప చీటీని, ఫైళ్ళ పేర్లను ఫోనుతో ఫోటో తీసికొనవలెను. బ్యాంకు ఖాతానుండి సొమ్ము పోయిన అనుమానమున్నచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. కేంద్ర ప్రభుత్వపు సైబర్ నేరముల పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. సొమ్ము విషయమున గంటలు ముఖ్యము.

ఇప్పుడు ముందు చెప్పిన రెండవ తెగ దొంగ సంగతి. తాళము వేసినది పాస్‌వర్డులను కూడ ఎత్తుకొనిపోయి ఉండవచ్చును. ఈ స్టాప్ తెగకు ఆ అలవాటు కలదు. కాబట్టి పాస్‌వర్డులు మార్చవలెను, కాని జబ్బు యంత్రముమీద కాదు. క్రొత్త పాస్‌వర్డును కూడ అదే దొంగ చదువును. శుభ్రమైన వేరొక ఫోనునుండిగాని కంప్యూటరునుండిగాని మార్చవలెను. మొదట మార్చవలసినది ఈ-మెయిలుది. మరచిన పాస్‌వర్డును మార్చుకొను దారి పెక్కు ఖాతాలకు ఆ మెయిలే గనుక, అది దొంగచేతిలో ఉన్నచో తక్కినవి మార్చి ప్రయోజనము లేదు. తరువాత బ్యాంకు, పన్ను ఖాతాలు. మరియొక సూక్ష్మమున్నది. మనము ఒకసారి లోనికి ప్రవేశించిన పిమ్మట బ్రౌజరు ఒక ప్రవేశపు చీటీని దాచుకొనును. దొంగ ఆ చీటీనే ఎత్తుకొనిపోయినచో పాస్‌వర్డు లేకయే లోనికి రాగలడు. అందుచేత పాస్‌వర్డు మార్చినప్పుడు “అన్ని పరికరముల నుండి లాగౌట్” అను మీటను కూడ నొక్కవలెను. మా మిత్రుని మెయిలు ఖాతాలో తెలియని యంత్రమొకటి అప్పటికే కనుపించినది. దానిని బయటికి పంపిన పిదపనే మాకు కొంత ఊపిరి ఆడినది.

చెరువు ఎండబెట్టుట వచ్చెను. అనేకులు యాంటీవైరసుతో కడిగి, “ఏమియు లేదు” అని తెరమీద వచ్చినంతనే మరల పనికి కూర్చుందురు. సామాన్యమైన ప్రకటనల చీడకు అది చాలవచ్చును. భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచితముగా ఇచ్చు శోధన పనిముట్లును ఉన్నవి. కాని ఇతరుల లెక్కలు, బ్యాంకు వ్యవహారములు నడుపు యంత్రమునకు అది చాలదని నా అభిప్రాయము. కడుగుట వలన దొరికిన చీడ పోవును. దొరకనిది ఉన్నదో లేదో తెలియదు. పూర్తిగా తుడిచి మరల విండోస్ వేయుట ఒక పూట పని. ఒక పూట పనికి వెనుదీసి ఏడాదిపాటు సందేహముతో కూర్చుండుట ఏల?

తుడుచుటకు ముందు ఒక జాగ్రత్త. తాళము పడిన ఫైళ్ళను పారవేయరాదు. ఆ హార్డ్‌డిస్కును విప్పి పక్కన పెట్టి క్రొత్తది వేయించుట అన్నిటికన్న మంచిది. నేడు దాని ధర లెక్కల విలువముందు ఏపాటిది? అంత స్తోమత లేనివారు ఆ ఫైళ్ళను వేరొక డిస్కులోనికి తీసి దాచవలెను. చెవి రేపు దొరకవచ్చును. స్టాప్ తెగకు చెందిన 148 రకముల పాత తాళములకు 2019 అక్టోబరులో ఒక భద్రతా సంస్థ ఉచితముగా విప్పు పనిముట్టును విడుదల చేసినది. అంతవరకు దాచుకొన్నవారికి దక్కినవి, తుడిచినవారికి దక్కలేదు. తరువాతి రకములలో కూడ, తాళము వేయు వేళ యంత్రమునకు ఇంటర్నెట్టు అందనప్పుడు ఆ ప్రోగ్రాము అందరికిని ఒకటే చెవిని వాడును. అది దొరికినచో అందరివియు తెరచుకొనును. చీటీలోని గుర్తుసంఖ్య “టీ1” అని ముగిసినచో అట్టిదని తెలియవలెను. మా మిత్రుని గుర్తుసంఖ్య అట్లు ముగియలేదు.

విండోసును వేయుటకు కావలసిన పెన్‌డ్రైవును కూడ శుభ్రమైన వేరొక కంప్యూటరుమీదనే, మైక్రోసాఫ్టువారి సొంత స్థలమునుండి తయారుచేసికొనవలెను. 8 జీబీ పెన్‌డ్రైవు చాలును. వేయునప్పుడు పాత భాగములన్నిటిని చెరిపి, ఖాళీ డిస్కుమీద వేయవలెను. “ఫైళ్ళను ఉంచుము” అను సులభమార్గమును ఎంచుకొనరాదు. సరియైన లైసెన్సుతో నడచిన యంత్రమైనచో చాలవరకు అది తనంతటనే గుర్తింపబడును, మరల కొననక్కరలేదు. వేసినవెంటనే అప్‌డేటులన్నియు పూర్తిచేసి, అటుపిమ్మటనే తక్కిన ప్రోగ్రాములను వాని వాని తయారీదారుల వద్దనుండి తెచ్చుకొనవలెను. విండోస్ 10కి మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి గనుక, క్రొత్త రకమును మోయగల యంత్రమైనచో ఇదియే మార్చుటకు తరుణము. పాత డిస్కునుండి ప్రోగ్రాములను తేరాదు. కాగితములను, పట్టికలను మాత్రమే, పరీక్షించి తేవలెను. రొయ్యపిల్ల పరీక్ష అన్నమాట.

మఱి పరీక్షించి తేవలసిన కాగితములు ఎక్కడివి, నకలు కూడ పోయినది గదా? ఇక్కడ మిత్రుని భార్య బుద్ధి పనికివచ్చినది. ఆమె ప్రతి నెలా, లెక్కలు ముగిసిన దినమున, ఎవరి లెక్కను వారికి మెయిలులో పంపుచుండెను. మిత్రుడు దీనిని చాదస్తమని నవ్వుచుండువాడు. ఆ మెయిళ్ళు పంపిన పెట్టెలో భద్రముగా ఉండెను. ముప్పదిమందిలో ఇరువదిరెండు మంది లెక్కలు రెండు సంవత్సరములవి యథాతథముగా వచ్చినవి. జీఎస్టీ పోర్టలులో లోగడ దాఖలైన పత్రములు ఉండనే ఉన్నవి, వానిని దింపుకొంటిమి. తక్కిన ఎనమండుగురి విషయమున బిల్లుల కట్టలు ముందు వేసికొని ఇంటిల్లిపాది కూర్చుండవలసి వచ్చినది. ఆ నెల గడువు దాటినది. ఆలస్యపు రుసుము మిత్రుడు తన జేబునుండి కట్టెను. పని మొత్తము పదునొకండు దినములు పట్టినది. అందులో విండోస్ వేసినది ఒక్క సాయంకాలము. మిగిలినదంతయు కాగితముల కొరకు పడిన పాటు.

ఇక నకళ్ళ సంగతి. మూడు ప్రతులు, రెండు రకముల సాధనములమీద, ఒకటి ఇంటి బయట అని నిపుణులు చెప్పుదురు. మన తీరమున ఈ చివరిమాటకు వేరే బలమున్నది. నవంబరు తుపానులో నీరు గదిలోనికి వచ్చినప్పుడు కంప్యూటరును, దాని ప్రక్క సొరుగులోని డిస్కును కూడ ఒక్కటిగానే తడుపును. ఉప్పుగాలి ఇనుమునే తినును. ఏండ్ల తరబడి తాకని డిస్కు పనిచేయునని నమ్మి ఉండరాదు. ప్రతి ఆరు నెలలకు నకలులోని ఫైలు నొకదానిని నిజముగా తెరచి చూడవలెను. డిస్కును నకలు తీయునప్పుడు మాత్రమే తగిలించి, వెంటనే ఊడదీయవలెను. ఎల్లప్పుడు తగిలియున్న నకలు నకలు కాదు, ఆ యంత్రములో ఒక భాగమే.

“నా ఫైళ్ళన్నియు గూగుల్ డ్రైవులో చేరుచుండును, నాకేమి భయము?” అని కొందరందురు. కంప్యూటరులో ఫైలు మారినంతనే అక్కడను మారునట్టి ఏర్పాటైనచో, తాళము పడిన ఫైలు కూడ అంతే వేగముగా అక్కడికి చేరును. అయితే అక్కడ పాత ప్రతులను సాధారణముగా 30 దినములు దాచి ఉంచుదురు. ఆ గడువులోపల చూచుకొన్నవారు వెనుకటి తేదీ ప్రతిని తీసికొనవచ్చును.

మిత్రుని వసారా గదిలో ఇప్పుడు రెండు డిస్కులున్నవి. ఒక వారము ఒకటి, మరు వారము మరియొకటి నాయుడుపేటలోని బావమరిది ఇంటికి పోవుచుండును. తాళము పడిన పాత డిస్కును ఒక గుడ్డసంచిలో పెట్టి, పైన తేదీ వ్రాసి, బీరువా పై అరలో ఉంచిరి. మూడు నెలలకొకసారి ఆమె నో మోర్ ర్యాన్సమ్ వేదికలో ఆ చీటీని చూపించి చెవి వచ్చినదేమో చూచుచున్నది. ఇంకను రాలేదు.